లాక్‌కు అభిషేకం

కంప్యూటర్ల గురించి నా అభిప్రాయం ఎవరూ అడగరు. అడక్కపోయినా చెబుతానని తెలిసి మావాళ్లు ముందే లేచి వెళ్లిపోతారు. అయినా చెబుతాను. డబ్బు పుచ్చుకుని వస్తువు అమ్మి, దాని మీద పెత్తనం మాత్రం తమ దగ్గరే అట్టేపెట్టుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. చీర కొన్నాక దాన్ని ఏ పెళ్లికి కట్టుకోవాలో కొట్టువాడు చెప్పడు. బియ్యం కొన్నాక ఎసట్లో పోసేముందు తనకోసారి ఫోన్ చెయ్యమనడు. సాఫ్ట్‌వేర్ వాడు మాత్రం అన్నీ చెబుతాడు, అన్నిటికీ అడగమంటాడు, చివరికి ‘నేను ఒప్పుకుంటున్నాను’ అనే మీట మనచేతే నొక్కిస్తాడు. ఆ మీట పైనుండే పేజీలన్నీ నేనోసారి పట్టుబట్టి చదివాను. వస్తువు నీది కాదు, వాడుకోనిస్తున్నాం, మాకు తోచినప్పుడు మానిపిస్తాం, నీ కొంప మునిగితే మాకు సంబంధం లేదు. అన్ని పేజీల్లోనూ ఉన్నది ఇంతే. ఇదే మాట మా వీధిలో సైకిళ్లు అద్దెకిచ్చేవాడు అంటే తన్నులు తిని ఇంటికెళ్తాడు.

ఎచ్చెర్ల వైపు హైవే పక్కనున్న ఓ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ నా చేతికింద ఉంటుంది. మొన్నామధ్య ఆపరేటింగ్ సిస్టం కొత్త వెర్షన్ వచ్చింది. మా మిషన్లలో ఏదో చిప్పు లేదట, అందుకని అది ఎక్కనంది. నిన్నటిదాకా గుర్రాల్లా పనిచేసిన మిషన్లు! కాలేజీవాళ్లు వాటిని పాత సామానుకు వేసేద్దామన్నారు. నేను వెయ్యనివ్వలేదు. అన్నిట్లోనూ ఎవరైనా ఊరికే వాడుకోగల లినక్స్ ఎక్కించాను, ఇప్పటికీ నడుస్తున్నాయి. దానికి నాకు దక్కిన మెప్పేమిటంటే, తెర మీద పాత పచ్చిక బొమ్మ ఏమైపోయిందని పెద్దసారు అడిగారు. ప్రింటర్లో సిరా సగం ఉండగానే అయిపోయిందని అబద్ధమాడే చిప్పులు, మెమరీ మార్చుకునే వీల్లేకుండా బోర్డుకే అతికించేసిన లాప్‌టాప్‌లు, మన మంచికేనంటూ క్లాసు మధ్యలో తనంతట తాను ఆగిపోయి అప్‌డేట్ చేసుకునే సిస్టం, వీటిలో దేన్నీ నేను క్షమించలేదు. అలాగని ఉచిత సాఫ్ట్‌వేర్ భక్తుల్నీ వెనకేసుకురాను. వాళ్లనొక సందేహం అడిగితే, ముందు ఫలానా పుస్తకం చదివి రమ్మంటారు. దాహమన్నవాడికి బావి ఎలా తవ్వాలో చెప్పే రకం.

నాకీ కోపం కొంత ల్యాబ్‌లో అంటుకుంది. అసలు మంట మాత్రం ఇంట్లో రాజుకుంది. మా మామగారి సన్నాయి వరసలు ఓ బూడిదరంగు ప్లాస్టిక్ ముక్క చేతిలో చిక్కాయి. ప్రపంచంలో అవి ఇంకెవరి దగ్గరా లేవు. ఆ ముక్క చచ్చిపోయింది. వాటిని బయటికి లాగడానికి నేనూ మా వదినా పడిన అవస్థ తలుచుకుంటే, లైసెన్సు అన్న మాట వినబడితే చాలు నాకు ఇప్పటికీ పళ్లు నూరుకోవాలనిపిస్తుంది.

మా మామగారిది శ్రీకూర్మం వైపు సన్నాయి కుటుంబం. తాతల నాటి నుంచి స్వామి సేవలో వాయించినవాళ్లు. మేలుకొలుపుకు ఒక వరస, అభిషేకానికి ఒకటి, డోలోత్సవానికి ఒకటి, స్వామిని పడుకోబెట్టే పవళింపు సేవకు ఒకటి, ఇలా వాళ్ల ఇంట్లో తప్ప ఇంకెక్కడా వినపడని వరసలు బోలెడు. ఆయన వాయిస్తుంటే మెచ్చుకోక తప్పదు, నాలాంటి కొరకరాని కోడలైనా సరే. కాని మనిషి ఎంత గొప్ప వాద్యగాడో అంత పిసినారి. పెళ్లి మేళంలో పక్కన ఇంకో ఊరి సన్నాయి వాళ్లు కూర్చుంటే, భుజం మీది తుండుగుడ్డ తీసి చేతుల మీద కప్పుకుని వాయించేవాడు. వేళ్లు ఏ కన్నం మీద ఎలా ఆడుతున్నాయో వాళ్లు చూసి నేర్చేసుకుంటారని! ఇంటికొచ్చి నేర్చుకునే శిష్యుల ముందు కూడా అంతే. సేవ వరసలు వచ్చేసరికి తుండు చేతుల మీదకి జారేది.

ఆయనకు ఇద్దరే పిల్లలు. కొడుకు, అంటే నా భర్త, సన్నాయి ఊదమంటే చిన్నప్పుడే పారిపోయి కరెంటాఫీసులో తేలాడు. కూతురికి నేర్చుకోవాలని ఉండేది. ఆడపిల్ల సన్నాయి పట్టుకోవడం వాళ్ల ఇంటా వంటా లేదు. ముట్టుకోనివ్వలేదు. ఆ కూతురే మా వదిన. శ్రీకాకుళంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఆమెకో డీటీపీ షాపుంది. శుభలేఖలు, ఎలక్షన్ కరపత్రాలు, బడి పరీక్ష పేపర్లు, దినకార్యం కార్డులు, అన్నీ తెలుగులో టైపు చేసి ఇస్తుంది.

ఆ వీధిలో అలాంటి షాపులు ఇంకా ఉన్నాయి. అందరూ వాడేది ఒకటే తెలుగు సాఫ్ట్‌వేర్. డబ్బిచ్చి కొనుక్కున్నది మాత్రం మా వదిన ఒక్కతే. మిగతావాళ్లంతా ఎవడో తాళం పగలగొట్టి పంచిన దొంగ కాపీతో కాలక్షేపం చేస్తున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. కొన్నదానితోపాటు కంపెనీవాడు ఓ ప్లాస్టిక్ ముక్క ఇచ్చాడు. దాన్ని కంప్యూటర్ వెనక గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ లేస్తుంది, పీకేస్తే పడుకుంటుంది. ఆ పనిలో ఉన్నవాళ్లంతా దాన్ని లాక్ అంటారు. మామగారి వరసలు టైపు చెయ్యాలి, సంగీతం గుర్తులు కూడా కావాలి అని వదిన అడిగితే, కంపెనీ ఏజెంటు ఆ లాక్‌ను పట్టుకెళ్లి, గుర్తులు ఎక్కించుకొచ్చి ఇచ్చాడు. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది కాబట్టి ఇప్పుడే చెప్పి పెడుతున్నాను.

అసలు ఆయన వరసలు టైపు చేయించడానికి ఒప్పుకున్నాడంటే అదీ ఆ లాక్ మహిమే. పోతే నాతోనే పోతాయని చాన్నాళ్లు బిగదీసుకున్నాడు. వయసు మీదపడ్డాక భయం పట్టుకుంది. ఓరోజు వదిన షాపులో కూర్చుని ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది తీసీస్తే ఇంకెవుడికీ తెరుసుకోదేటి?”

“దేవుడు దిగొచ్చినా తెరుసుకోదు నాన్నా.”

“అయితే రాయ్.”

నేను అక్కడే ఉన్నాను. ఊరుకోలేకపోయాను. “అది పాడైపోతే ఏటి గతి మావయ్యా? నా లాప్‌టాప్‌లో రాసుకుందాం. అందులో ఈ లాకులూ గీకులూ ఉండవు.”

“నీకు ఎప్పుడూ ఏదోటి పాడైపోతాదనే ఉంటాది కోడలా,” అన్నాడు. “ఊరికే వచ్చినదానికి ఇలవుంటాదేటి?”

ఈ మాట నేను కాలేజీలోనూ వింటాను, కంప్యూటర్లు అమ్మే కుర్రాళ్ల దగ్గరా వింటాను. ఊరికే వచ్చినదానికి విలువ ఉండదట. గాలి ఊరికే వస్తుంది. సన్నాయి ఊదేవాడికి అది వేరేవాళ్లు చెప్పాలా?

అలా మొదలైంది. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేసి మెల్లగా నడుచుకుంటూ షాపుకు వెళ్లేవాడు. ఒక్కో ముక్కా పాడేవాడు, వదిన స్వరాలు టైపు చేసేది. ఆయన పెట్టిన షరతులు ఇవి. కాగితం మీద అచ్చు తియ్యకూడదు, తీస్తే జిరాక్స్ అవుతుంది. ఫోన్‌లో రికార్డు చెయ్యకూడదు. తాను బతికుండగా ఎవరికీ ఇవ్వకూడదు. పాడిన ముక్క రెండోసారి పాడడు. వదిన వెంట అందుకుని హమ్ చేస్తే కసురుకునేవాడు. “నీది టైపు గొంతు, రాయ్!” సాఫ్ట్‌వేర్ కంపెనీవాడి ఒప్పంద పత్రం నేను చదివానన్నాను కదా, మా మామగారిది అంతకంటే కఠినం. ఆయన దగ్గర మీట కూడా లేదు, తల ఊపడమే.

చివరిగా పవళింపు వరస టైపు చేయించిన కొన్నాళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చింది. మూతి ఒక పక్కకు వంకర పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. మాట నోట్లోనే ముద్దయిపోయేది. సన్నాయి ఊదడం కాదు కదా, గ్లాసులో నీళ్లు తాగినా సగం కారిపోయేవి. చాకిరీ నాది. ఆయన మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చిందని రాయను. వాడే మనిషి లేక సన్నాయి గూట్లో ఉండిపోవడం చూస్తే మాత్రం కష్టంగా ఉండేది. పోనీలే, వరసలన్నా మిషన్లో ఉన్నాయని వదిన అంటూ ఉండేది.

ఆ ఏడాది దసరా వచ్చింది. మా వైపు ఆయుధ పూజ నాడు పనిముట్టు ప్రతిదీ దేవుడే. ఆటోకు దండ, కత్తెరకు బొట్టు, కుట్టు మిషన్‌కు గంధం. షాపులో కీబోర్డుకు కూడా పసుపు కుంకుమ పెట్టడం నేను ఏటా చూస్తూనే ఉన్నాను, ఏటా గొణుగుతూనే ఉన్నాను. ఆ రోజు నేను ప్రసాదం కోసం వెళ్లేసరికి వదిన కుర్చీలో కూలబడి ఉంది. తెర మీద ‘లాక్ కనబడలేదు’ అని వస్తోంది. లాక్ మాత్రం కళ్లెదుటే ఉంది, జిగటగా, పచ్చగా, అరటిపండు వాసనతో.

“ఏటి సేసినావు వదినా దీన్ని?”

“అభిషేకం సేసినానే.”

“ఏటీ?”

“పంచామృతంతోటి. పాలు, పెరుగు, తేనె...” లాక్‌ను కొంగుతో తుడవబోయింది. “నాన్నకి బాగునేదు గదా. ఆయన వరసలన్నీ అందులోనే ఉన్నాయి గదా. ఉత్త బొట్టెట్టీసి ఊరుకుంటే ఏటి సాలుతాదనిపించినాది.”

నాకు నవ్వూ ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి, కోపానిదే పైచెయ్యి అయింది. “అందులో వరసలు ఎందుకుంటాయి వదినా? వరసలు డిస్కులో ఉంటాయి! అది ఉత్త కాపలా కుక్క. కుక్కకి అభిషేకం సేసి సంపీసినావు!”

తడి లాగేస్తుందని దాన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. నేను పైకి తీసి స్పిరిట్‌తో కడిగాను, పై డొప్ప విప్పి చూశాను, తేనె లోపలి బోర్డు దాకా పాకింది. అప్పటికే తడిగా ఉండగా గుచ్చి కరెంటు ఇచ్చేసింది కాబట్టి చెయ్యగలిగింది ఏమీ లేదు. లాక్ పోయింది. డిస్కులో ఫైళ్లు దివ్యంగా ఉన్నాయి, తెరవడానికి మాత్రం లేదు.

కంపెనీకి ఫోన్ చేశాను. ఆ కంపెనీని ఇంకెవరో కొనేశారట. సన్నటి గొంతుతో ఒకమ్మాయి మాట్లాడింది.

“ఆ వెర్షన్ మేము ఆపేశాం మేడం. లాకులు కూడా తయారవట్లేదు. కొత్తది కొనుక్కోండి.”

“కొత్తది పాత ఫైళ్లు తెరుస్తుందా?”

“తెరవదు మేడం.”

“మరి మేం కొన్న లైసెన్సు?”

“అది మీదే మేడం. జీవితాంతం చెల్లుతుంది.”

నేను అన్న మాటలు ఇక్కడ రాస్తే అచ్చు వెయ్యరు. ఆ ఉద్యోగం చేసినందుకు ఆ పిల్ల పడాల్సిన మాటలు కావవి. పడాల్సినవాళ్లు ఫోన్ ఎత్తరు.

ఇంతలో పక్క షాపు అబ్బాయి తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పెళ్లాం పిల్లలున్న మనిషే, వదిన కంటే చిన్నవాడు కాబట్టి అబ్బాయి అంటున్నాను. “అక్కా, నాది లాక్ నేని కాపీయే. ఇలగ తే, సిటికెలో తెరిసీస్తాను,” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే నాకు కడుపు మండించిన సంగతి. కొన్నది మా వదిన. దాన్ని కళ్లకద్దుకున్నది మా వదిన. తలుపు మూసుకుపోయిందీ ఆవిడకే. దొంగ కాపీవాళ్లంతా హాయిగా శుభలేఖలు కొట్టుకుంటున్నారు. ఎవడి కోసం పెట్టారు ఈ లాక్? దొంగ ఎప్పుడో కిటికీలోంచి వెళ్లిపోయాడు, గుమ్మం దగ్గర మెడ పట్టుకుంటున్నది ఇంటివాళ్లనే.

వదిన మాత్రం కదల్లేదు. “సచ్చినా తేను. ఆడి మిషన్లో ఎడితే కాపీ ఉండిపోతాది. నాన్నకి మాటిచ్చినాను.”

“అయితే నానేటి సెయ్యాలి?”

“నీకు తెలుసు గదా ఆ లినక్సో ఏటో. ఊరంతా తిడతావు. తిట్టడం కాదు, తెరు.”

అలా వదిన నా నోరు మూయించింది. నేను ఫైళ్లు ఇంటికి తెచ్చుకున్నాను. కాలేజీ నుంచి రాగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని వాటి మీద కూర్చునేదాన్ని. ఇప్పుడు తెలుగు ‘క’కు ప్రపంచమంతటా ఒకటే నంబరు. ఏ మిషన్లో చూసినా క అంటే కే. ఆ రోజుల్లో అలా కాదు. ప్రతి కంపెనీకీ తన సొంత లెక్క. ఒకడి ‘క’ ఇంకొకడి దగ్గర సున్నా, మూడోవాడి దగ్గర పిచ్చిగీత. కావాలనే అలా పెట్టారు, మన రాత ఇంకొకడి దగ్గర తెరుచుకోకూడదని. ఓనమాలు నేర్పిన అమ్మానాన్నలు ఎవరూ లైసెన్సు అడగలేదు. పుట్టుకతో వచ్చిన అక్షరాలకు కంచె వేసి, లోపలికి రావాలంటే చీటీ కొనుక్కోమన్న ఘనులు వీళ్లు. వాళ్లను తిట్టుకుంటూ ఒక్కో పిచ్చిగీతకూ ఎదురుగా ఒక్కో అక్షరం రాసుకుంటూ పోయాను. ఏ గీత ఏదో వదిన చేసిన పాత శుభలేఖల అచ్చు కాగితాలు పక్కన పెట్టుకుని పోల్చాను. ఓ సాయంత్రం తెర మీద ‘సా రీ గా’ అని మొదటి వరుస నిలబడింది. ఇంట్లో ఎవరూ లేరు, కాని చప్పట్లు కొట్టుకున్నాను.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. స్వరాలు ఏడే. అదే ‘స’ మీద చుక్క ఉంటే పై స్థాయి, కింద చుక్క ఉంటే కింది స్థాయి, చుక్క లేకపోతే మధ్యది. మామగారి వరసల అందమంతా పైకి లేచి కిందకి దూకడంలోనే ఉంది. నాకొచ్చిన ఫైల్లో చుక్క ఉండాల్సిన ప్రతిచోటా ఒక ఖాళీ డబ్బా వచ్చింది. పై చుక్కకీ అదే డబ్బా, కింది చుక్కకీ అదే డబ్బా. ఇక్కడ ఏదో గుర్తు ఉందని ఫైలు చెబుతోంది, అది ఏ గుర్తో చెప్పడం లేదు. ఆ జాబితా ఫైల్లో లేదు. ఏజెంటు లాక్ పట్టుకెళ్లి ఎక్కించి తెచ్చాడే, అందులోనే ఉంది. తేనెలో.

అంటే వదిన అన్నది సగం నిజమే. వరసల్లో సగం ప్రాణం నిజంగానే ఆ ముక్కలో ఉంది. వెళ్లి చెప్పాను. “సూసినావా మరి, నానేటన్నాను?” అంది ఏడుస్తూనే. నేను సారీ చెప్పలేదు. ఎంత ప్రాణం ఉన్నా తేనె పోసింది తనే.

పాడినప్పుడు విన్నావు కదా, గుర్తు తెచ్చుకో అన్నాను. ఓ ఆదివారమంతా ప్రయత్నించింది. ఆయన ముక్క ముక్కలుగా పాడాడు, కసిరి కసిరి పాడాడు, వెంట అందుకోనివ్వలేదు. వరస మొత్తంగా ఆమె చెవిలో ఎప్పుడూ పడలేదు. అది తెలిసిన మనిషి ఒక్కడే, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వదిన మా ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుంది. లాక్ సంగతి చెప్పింది. ఆయన విన్నాడు, ముఖం గోడకేసి తిప్పేసుకున్నాడు. నాతో పోతాయి అన్న పాత పట్టుదల మళ్లీ వచ్చిందని నాకు అర్థమైంది. అప్పుడు వదిన గొంతు లేచింది. ఆమె తండ్రిమీద అలా అరవడం నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

“సూడు నాన్నా, ఇటు తిరుగు! సన్నాయి ముట్టుకుంటే సెయ్యిరగ్గొడతానన్నావు, ముట్టుకోనేదు. పాడితే టైపు గొంతన్నావు, నోరు మూసుకున్నాను. నువ్వు సెప్పిందల్లా రాసినాను. ఒక్క కాయితం తియ్యనేదు, ఒక్కడికియ్యనేదు. ఇన్నాళ్లూ నీ వరసలకి కాపలా కాసినాను. ఇప్పుడు అవి నా సేతిలో సచ్చిపోనాయంటే నాను బతగ్గలనేటి? పైకో కిందకో అదొక్కటి సెప్పు. నోరు నేకపోతే ఏలుంది గదా!”

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. ఎడమ చెయ్యి పైకి వచ్చింది, చూపుడు వేలు పైకి లేచింది. నేను లాప్‌టాప్ కోసం వంటింట్లోకి పరిగెత్తాను.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు మాకు అదే పని. వదిన స్వరాలు చదివేది, డబ్బా వచ్చినచోట ఆగేది. ఆయన వేలు లేపితే పై చుక్క, వేలు కిందకు వంచితే కింది చుక్క. నేను నొక్కేదాన్ని. సెలవులు పెట్టాను, పెద్దసారు చేత తిట్లు తిన్నాను. ఒక్కోసారి ఆయనకు విసుగొచ్చి కళ్లు మూసేసుకునేవాడు. ఒక్కోసారి వదిన తప్పు చదివితే వంకర మూతితోనే ‘ఛ’ అన్నట్టు చప్పుడు చేసేవాడు. ఓసారి నా లాప్‌టాప్ వైపు చూసి, గుచ్చి పీకే సైగ చేశాడు. దీనికి లాక్ ఉందా అని.

“నేదు మావయ్యా. ఎవరైనా తెరవొచ్చు.”

ఆయన మొహం చిట్లించాడు. ఆ దశలోనూ! నాకు ఎంత చిరాకేసిందో చెప్పలేను. అయినా మరుసటి ముక్కకి వేలు లేపాడు. మేలుకొలుపు అయింది, అభిషేకం అయింది, డోలోత్సవం వరసకి రెండు వారాలు పట్టింది. వదిన చదువుతూ చదువుతూ తనకు తెలియకుండానే సన్నగా పాడటం మొదలుపెట్టింది. ఆయన కసరలేదు, కసరడానికి నోరు లేదు. వింటున్నాడో లేదో నాకు తెలియదు.

చివరికి పవళింపు వరస మిగిలింది. వాళ్ల ఇంట్లో దానికున్న మర్యాద వేరు. మామగారికి వాళ్ల నాన్న అది చిట్టచివర నేర్పాడట. వదిన మొదటి వరుస చదివి, డబ్బా దగ్గర ఆగి తలెత్తింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు. ఎడమ చేత్తో భుజం పక్కనున్న తుండుగుడ్డ అందుకున్నాడు. నిదానంగా లాగి ఆ చేతి మీదే కప్పేసుకున్నాడు.

“నాన్నా,” అంది వదిన. మళ్లీ అంది. బతిమాలింది, తిట్టింది, కాళ్లు పట్టుకుంది. తుండు కింద వేలు కదిలిందో లేదో ఎలా తెలుస్తుంది? మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను తుండు లాగి పారేద్దామనుకున్నాను, వదిన నా చెయ్యి పట్టుకుంది. సంక్రాంతి దాటాక, ఓ తెల్లవారుజామున, ఆయన నిద్రలోనే పోయాడు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను, ఇంకా ఉంది. దేవుణ్ణి పడుకోబెట్టే పాటను చేతికింద దాచుకుని పోయిన మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన బతికుండగా ఇవ్వనన్న మాట వదిన అక్షరాలా నిలబెట్టుకుంది. ఆ తర్వాత అన్ని వరసలూ నా లాప్‌టాప్‌లోనే పేజీలు కట్టి, పుస్తకంగా అచ్చు తీసింది. పవళింపు వరసను కూడా చేర్చింది, డబ్బాలు డబ్బాలుగానే. దాన్ని వదిలేద్దామన్నాను నేను. “వదిలీస్తే అసల నేదనుకుంటారు,” అంది. ముందు పేజీలో హక్కుల మాట ఏం రాద్దామని అడిగాను. ఉచిత లైసెన్సుల్లో ఏ రకం దేనికి మంచిదో నాకు తెలిసిందంతా ఏకరువు పెట్టాను. ఆమె ఆవలించి, తర్వాత చూద్దాంలే అంది. ఆ పేజీ ఖాళీగానే అచ్చయింది.

మళ్లీ దసరా వచ్చింది. ఆయుధ పూజకు మామగారి పాత శిష్యులు ఇద్దరు తమ సన్నాయిలు తెచ్చి వదిన షాపులోనే పూజలో పెట్టారు. మా మామగారి సన్నాయి కూడా పీట మీద ఉంది. చచ్చిన లాక్ కూడా ఉంది, బొట్టుతో సహా. ఈసారి దానికి నీటి చుక్క కూడా తగలనివ్వలేదు, ఇప్పుడెందుకో ఆ జాగ్రత్త! పూజయ్యాక వాళ్లు పుస్తకం తెరిచి కూర్చున్నారు. మేలుకొలుపు వాయించారు. వీధిలో జనం ఆగి విన్నారు, పక్క షాపు అబ్బాయి పని ఆపుకుని వచ్చాడు. ఒక్కొక్క వరసే వాయించుకుంటూ ఆఖరు పేజీకి వచ్చేసరికి పెద్దవాడు ఆగిపోయాడు.

“అక్కా, ఇక్కడ డబ్బాలున్నాయి. పైకెల్లాలా, కిందకెల్లాలా?”

వదిన ప్రసాదం గిన్నెలో గరిటె పెట్టి వాడి వైపు చూసింది. తాను అనుకున్న చుక్కలు చెప్పేస్తుందేమో, వాళ్ల నాన్న ఇలాగే వాయించేవాడని అబద్ధమాడేస్తుందేమో అనుకున్నాను. అలా చెబితే ఎవరు కాదనగలరు?

“నాకు తెలీదురా,” అంది. “నీకెలగ బాగుంటే అలగ వాయించు.”

అంత లైసెన్సు రాయడం నాకు తెలిసిన ఏ మహానుభావుడికీ చేతకాలేదు. వాడు కాసేపు పేజీకేసి చూసి, సన్నాయి నోట పెట్టుకుని, మొదటి డబ్బా దగ్గర కిందకి దిగాడు. రెండోవాడు ఆగలేకపోయాడు. పైకెళ్తేనే బాగుంటుందని తన సన్నాయి అందుకుని పైకి లేపాడు. ఇద్దరికీ వాదులాట మొదలైంది. వదిన గిన్నె కింద పెట్టింది. పీట మీద నుంచి వాళ్ల నాన్న సన్నాయి రెండు చేతులా తీసుకుంది. బొట్టు కొంగుతో తుడిచేసింది. వాళ్ల మధ్యకు వెళ్లి కింద కూర్చుని, “ఏలు ఎక్కడ ఎట్టాలో ముందు అది సూపించండ్రా,” అంది.

వాళ్లలో పెద్దవాడు భుజం మీది తుండు తీసి పక్కన పెట్టి, చేతులు ఆమె ముందుకు చాపాడు.